ఇంటర్వ్యూ పాసయ్యాక అమెరికా సిటిజెన్‌షిప్ ఎక్కడ ఆగుతుంది?

అమెరికా సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ అయిపోగానే ఆఫీసర్ చేతికి ఒక కాగితం ఇస్తారు. దాన్ని ఎన్-652 అంటారు. ఇంగ్లిష్, సివిక్స్ పరీక్షలు పాసయ్యారో లేదో అందులో ఉంటుంది. అదే కాగితంలో రెండు గళ్లు ఉంటాయి. మీ దరఖాస్తును ఆమోదానికి సిఫారసు చేశామని ఒకటి చెబుతుంది, ఇప్పుడే నిర్ణయం చెప్పలేమని రెండోది చెబుతుంది. మొదటి గడిలో టిక్ పడినవాళ్లు ఇంటికి స్వీట్లు పట్టుకెళ్తారు. రెండో గడిలో పడినవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. చట్టం దృష్టిలో మాత్రం ఆ రోజుకి ఈ ఇద్దరూ గ్రీన్ కార్డు ఉన్న భారతీయులే. ఓత్, అంటే పౌరసత్వ ప్రమాణం, చేసిన తర్వాతే ఎవరైనా అమెరికా పౌరులవుతారు.

ఆమోదానికీ ఓత్‌కూ మధ్య ఉన్న ఈ తేడా 2025 డిసెంబర్‌లో వార్తల్లోకెక్కింది. ఆ నెల 2న యూఎస్‌సీఐఎస్, అంటే ఇమిగ్రేషన్ దరఖాస్తులను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ, 19 దేశాల వాళ్ల దరఖాస్తులను నిలిపేస్తూ ఆదేశమిచ్చింది. ఓత్ దాకా వచ్చినవాళ్లను కూడా అది వదల్లేదు. బోస్టన్‌లో సెరిమనీకి వచ్చి వరుసలో నిలబడ్డవాళ్లను పక్కకు తప్పించారని వార్తలు వచ్చాయి. ఆ 19 దేశాల్లో ఇండియా లేదు. అయినా పాసయ్యాక కూడా ఆపగలరా అన్న అనుమానం మన కుటుంబాల్లోనూ మొదలైంది. ఆపగలరు. అయితే ఎక్కడ ఆగింది అన్నదాన్ని బట్టి దరఖాస్తుదారు చేతిలో ఉండే హక్కులు మారిపోతాయి.

నాలుగు వేర్వేరు ఎదురుచూపులు

"మా అన్నయ్యది ఏడాదిన్నరగా పెండింగ్‌లో ఉంది" అని ఎవరైనా అంటే ఆ మాటతో మనకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. ఎన్-400, అంటే పౌరసత్వ దరఖాస్తు, వేసినప్పటి నుంచి ఇంటర్వ్యూ దాకా ఒక ఎదురుచూపు. ఇంటర్వ్యూ నుంచి నిర్ణయం దాకా రెండోది. నిర్ణయం నుంచి ఓత్ దాకా మూడోది. ఓత్ తర్వాత అమెరికా పాస్‌పోర్టు, ఇండియా వైపు కాగితాలు నాలుగోది. చట్టంలో గట్టి గడువు ఉన్నది వీటిలో రెండోదానికి మాత్రమే. మిగతా మూడూ ఆఫీసుల పని వేగం మీద, ఫైలు పరిస్థితి మీద ఆధారపడి నడుస్తాయి.

మొదటి ఎదురుచూపు గురించి ఒక్క మాట చాలు. ఇమిగ్రేషన్ దరఖాస్తులు 180 రోజుల్లో తేలాలని అమెరికా కాంగ్రెస్ ఒక చట్టంలో రాసింది. కానీ దాన్ని తమ అభిప్రాయంగా రాసిందే తప్ప ఆదేశంగా రాయలేదు. అందుకే ఆ 180 రోజులు దాటాయని చెప్పినంత మాత్రాన కోర్టులో పెద్ద బలం రాదు.

120 రోజుల లెక్క

రెండో ఎదురుచూపుకు వర్తించే నియమం చదవడానికి సులువుగానే ఉంటుంది. ఎగ్జామినేషన్ జరిగిన తేదీ నుంచి 120 రోజుల్లోపు నిర్ణయం రాకపోతే, దరఖాస్తుదారు తాను నివసించే ప్రాంతంలోని ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టుకు వెళ్లవచ్చు. కోర్టు ఆ దరఖాస్తును తానే తేల్చవచ్చు, లేదా ఫలానా గడువులోగా తేల్చమని యూఎస్‌సీఐఎస్‌కే తిప్పి పంపవచ్చు. అమెరికా కోడ్ ఎనిమిదో టైటిల్‌లో ఇది సెక్షన్ 1447(బి). లాయర్లు మాటల్లో "ఫోర్టీన్ ఫార్టీ సెవెన్ బీ" అనేస్తారు.

ఒక ఉదాహరణ. డల్లాస్‌లో ఉండే ఒకాయనకు 2025 జనవరి 14న ఇంటర్వ్యూ జరిగింది, పరీక్షలు పాసయ్యారు, ఎన్-652లో రెండో గడిలో టిక్ పడింది అనుకుందాం. ఆయన 120 రోజులు మే 14తో పూర్తవుతాయి. అప్పటికీ ఏ నిర్ణయమూ రాకపోతే ఆ తర్వాత కోర్టు దారి తెరుచుకుంటుంది. ఆయన పక్కింటాయన దరఖాస్తు వేసి 16 నెలలైంది, కానీ ఇంటర్వ్యూకే పిలవలేదు. ఆయన మరింత కాలంగా ఎదురు చూస్తున్నా ఈ సెక్షన్ ఆయనకు పనికిరాదు, ఆయన విషయంలో లెక్క ఇంకా మొదలే కాలేదు.

అసలు "ఎగ్జామినేషన్" అంటే ఏమిటన్న దానిపైనే వాదం నడిచింది. ఇంటర్వ్యూతో పాటు ఎఫ్‌బీఐ తనిఖీ కూడా పూర్తయితేనే ఎగ్జామినేషన్ ముగిసినట్టని ప్రభుత్వం వాదించింది. నేర తనిఖీ పూర్తికాకుండా పౌరసత్వం ఇవ్వకూడదని చట్టమే చెబుతోంది కాబట్టి ఆ వాదనను తీసిపారేయలేం. 2005లో వర్జీనియాలోని ఒక డిస్ట్రిక్ట్ కోర్టు దానితో ఏకీభవించింది కూడా. ఎక్కువ కోర్టులు మాత్రం, చట్టం "ఎగ్జామినేషన్ జరిగిన తేదీ" అని ఒక తేదీ గురించి మాట్లాడుతోంది, తేదీ ఉండేది ఇంటర్వ్యూకే, నెలల తరబడి సాగే తనిఖీకి కాదు అన్నాయి. టెక్సస్, లూసియానా, మిసిసిపీ రాష్ట్రాలు వచ్చే ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2007లో ఇదే చెప్పింది. మన డల్లాస్ ఆయన లెక్క ఆ తీర్పు మీదే నిలబడుతుంది.

గడువు వల్ల ఆలస్యం ముందుకు జరిగిన కథ

ఎఫ్‌బీఐ తన ఫైళ్లలో దరఖాస్తుదారు పేరును వెతికే తనిఖీని నేమ్ చెక్ అంటారు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత దాని పరిధి పెరిగింది. అప్పటిదాకా ఒక మనిషి మీద సొంతంగా ఫైలు ఉందా అని మాత్రమే చూసేవారు. ఆ తర్వాత, వేరే ఎవరి ఫైల్లోనైనా ఆ పేరు ప్రస్తావనకు వచ్చిందా అన్నది కూడా చూడటం మొదలుపెట్టారు. 2002 డిసెంబర్, 2003 జనవరి నెలల్లో అప్పటి ఇమిగ్రేషన్ సంస్థ ఐఎన్‌ఎస్ ఏకంగా 27 లక్షల పేర్లను మళ్లీ తనిఖీ కోసం ఎఫ్‌బీఐకి పంపింది. వాటిలో చాలా ఫైళ్లు కాగితాల మీదే ఉన్నాయి, అవి కూడా దేశమంతా వేర్వేరు ఆఫీసుల్లో. ఇంటర్వ్యూ పాసై నేమ్ చెక్ దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయినవాళ్లు 1447(బి) కింద కోర్టుల్లో వరుసగా కేసులు వేశారు.

2006లో యూఎస్‌సీఐఎస్ పద్ధతి మార్చింది. తనిఖీలు పూర్తయ్యాకే ఇంటర్వ్యూకు పిలవాలని తేల్చింది. మంచి మార్పే, పాసైన రోజే ఎక్కువమందికి నిర్ణయం చేతికి వచ్చే వీలు కలిగింది. కానీ నేమ్ చెక్‌లో ఇరుక్కున్నవాళ్ల ఎదురుచూపు తగ్గలేదు, అది ఇంటర్వ్యూ తర్వాత నుంచి ఇంటర్వ్యూ ముందుకు, అంటే గడువున్న చోటు నుంచి గడువు లేని చోటికి మారింది.

ఇంటర్వ్యూ తర్వాత ఫైల్లో ఏం చూస్తారు

తనిఖీలు ముందే అయిపోతే ఇంటర్వ్యూ తర్వాత ఆగడం దేనికి? కొన్ని చిన్న కారణాలు ఉంటాయి. పన్ను ట్రాన్‌స్క్రిప్టు, కోర్టు కాగితం లాంటిది ఏదో అడుగుతూ ఎన్-14 నోటీసు ఇస్తారు. వేలిముద్రల తనిఖీ 15 నెలలే చెల్లుతుంది, నిర్ణయంలోగా అది దాటిపోతే మళ్లీ చేయాలి. కొందరి పాత ఫైలు ఇంకా కాగితాల కట్టే. అలాంటి ఫైళ్లను దాచే జాతీయ రికార్డుల కేంద్రం మిస్సోరీ రాష్ట్రంలోని లీస్ సమిట్‌లో, సున్నపురాతి గని తవ్వకాల్లో భూమి కింద ఉంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అలాంటి చోటు నుంచి కాగితాలు బయటికి రావడమే కష్టమైంది.

పెద్ద కారణం వేరే ఉంది. ఎన్-400 పరిశీలించే ఆఫీసర్, గ్రీన్ కార్డు వచ్చాక పౌరసత్వానికి ఆగాల్సిన ఐదేళ్లే చూడరు. గ్రీన్ కార్డు అసలు సక్రమంగా వచ్చిందా అని వెనక్కి వెళ్లి చూసే అధికారం, బాధ్యత రెండూ ఆయనకు ఉన్నాయి. మన ఐటీ వాళ్ల ఫైళ్లు కాస్త లోతుగా వెళ్లేది ఇక్కడే. స్పాన్సర్ చేసిన కంపెనీలో నిజంగా పనిచేశారా, గ్రీన్ కార్డు రాగానే ఎంత త్వరగా మారారు, కన్సల్టింగ్ కంపెనీ నుంచి ఏ క్లయింట్ దగ్గర ఎంతకాలం ఉన్నారు, మధ్యలో స్టేటస్ తప్పిన రోజులున్నాయా అన్న ప్రశ్నలు వస్తాయి. జవాబులన్నీ సరిగ్గానే ఉన్నా, పదేళ్ల కిందటి కాగితాలను పాత ఫారాలతో పోల్చడానికి సమయం పడుతుంది.

ఇంటి పేరు కూడా ఒక తలనొప్పి. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటి పేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, పెళ్లయ్యాక భర్త ఇంటి పేరు, వీసా మీద మొదటి పేరు ఖాళీ. ఒకే మనిషికి ఇలా నాలుగు పేర్లుంటే నాలుగింటినీ తనిఖీ చేస్తారు. పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ అయిన చోట వేరేవాళ్ల రికార్డు తగిలే అవకాశం కూడా పెరుగుతుంది.

ఆమోదం ఉంది, ఓత్ తేదీ లేదు

ఇది మూడో ఎదురుచూపు. దీనికి 120 రోజుల నియమం నేరుగా వర్తించదు. నిర్ణయం ఇచ్చేశాం, ఇక మిగిలింది సెరిమనీయే అని ప్రభుత్వం అనగలదు. తేదీ ఎందుకు ఆలస్యమవుతుందో తెలియాలంటే ఓత్ ఎవరు చేయిస్తారో చూడాలి.

1991 అక్టోబర్ దాకా అమెరికాలో పౌరసత్వం ఇచ్చింది కోర్టులే. 1990 చట్టంతో ఆ అధికారం ప్రభుత్వ సంస్థకు వెళ్లింది. పాత సంప్రదాయం పూర్తిగా పోకుండా, కోరుకున్న కోర్టులకు తమ పరిధిలోని వాళ్లతో ఓత్ చేయించే ప్రత్యేక హక్కును 45 రోజుల పాటు ఉంచారు. అందుకే కొన్ని నగరాల్లో యూఎస్‌సీఐఎస్ ఆఫీసులో ఇంటర్వ్యూ రోజే ఓత్ అయిపోతుంటే, కొన్నిచోట్ల జడ్జి సెరిమనీ పెట్టేదాకా ఆగాలి. పేరు మార్చుకుంటానని ఎన్-400లో అడిగినవాళ్లు ఎక్కడున్నా కోర్టు సెరిమనీకే వెళ్లాలి, పేరు మార్చే అధికారం జడ్జికే ఉంది మరి. ఇంటి పేరును చివరికి మార్చుకుందామనో, పొడి అక్షరాన్ని విడదీద్దామనో మనవాళ్లు చాలామంది ఆ గడిలో టిక్ పెడతారు. దాని వల్ల కొన్ని వారాలు అదనంగా పట్టొచ్చన్న సంగతి తర్వాత తెలుస్తుంది.

ఓత్ నోటీసును ఎన్-445 అంటారు. దాని వెనుక ప్రశ్నలుంటాయి. ఇంటర్వ్యూ తర్వాత దేశం దాటారా, పెళ్లి లేదా విడాకులు జరిగాయా, అరెస్టయ్యారా అని. ఆమోదం వచ్చాక కూడా కొత్త సమాచారం ఏదైనా బయటపడితే ఫైలును తిరిగి తెరిచే అధికారం యూఎస్‌సీఐఎస్‌కు ఉంది. 2025 డిసెంబర్‌లో ఓత్‌లు ఆపగలిగారంటే, ప్రమాణం పూర్తికాని ఏ ఆమోదమూ తుది మాట కాకపోవడం వల్లే.

తీవ్ర అనారోగ్యం, వైకల్యం, పెద్ద వయసు, ప్రయాణానికో ఉద్యోగానికో సంబంధించిన అత్యవసరం ఉంటే ఓత్‌ను ముందుకు జరపమని అడిగే వీలును నియమాలు ఇస్తున్నాయి. ఇస్తారన్న హామీ మాత్రం లేదు.

పద్దెనిమిదేళ్ల పుట్టినరోజు

ఆలస్యం అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇక్కడ. దీని గురించి మాట్లాడుకునేది మాత్రం తక్కువ.

తల్లిదండ్రుల్లో ఒకరు అమెరికా పౌరులైన రోజుకి, వాళ్లతో కలిసి ఉంటున్న గ్రీన్ కార్డు పిల్లలకు 18 ఏళ్లు నిండకపోతే, ఆ పిల్లలు ఏ దరఖాస్తూ లేకుండా ఆ క్షణానే పౌరులవుతారు. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇది. చట్టం లెక్కపెట్టేది దరఖాస్తు తేదీనో ఇంటర్వ్యూ తేదీనో కాదు, ఓత్ తేదీని.

ఇండియాలో పుట్టినవాళ్లకు ఉద్యోగం మీద గ్రీన్ కార్డు రావడానికే పదేళ్లు, అంతకు మించి పడుతుంది. చిన్నప్పుడు వచ్చిన పిల్లలకు గ్రీన్ కార్డు అందేసరికి పన్నెండు పదమూడేళ్లు వచ్చేస్తాయి. పైన ఐదేళ్లు కలిపితే సరిగ్గా 18 దగ్గరికి వచ్చి నిలబడతారు.

తేదీలతో చూద్దాం. ఒక కుటుంబానికి 2020 అక్టోబర్ 5న గ్రీన్ కార్డులు వచ్చాయి. కూతురు పుట్టింది 2008 ఏప్రిల్ 20న. ఐదేళ్లు నిండటానికి 90 రోజుల ముందు నుంచే ఎన్-400 వేయవచ్చు కాబట్టి తండ్రి 2025 జులై 7నే వేశారు. 2026 జనవరి 13న ఇంటర్వ్యూ, పాసయ్యారు, నిర్ణయం చెప్పలేదు. 120 రోజుల గడువు మే 13న ముగుస్తుంది. కూతురికి 18 నిండేది ఏప్రిల్ 20న. ఏప్రిల్ 17న ఓత్ జరిగితే ఆ అమ్మాయి కూడా అదే రోజు పౌరురాలు. అది ఏప్రిల్ 24కి వెళ్తే కాదు. తన ఎన్-400 తాను వేసుకోవాలి. ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీదైతే 760. పరీక్ష, ఇంటర్వ్యూ, ఎదురుచూపు అన్నీ మళ్లీ మొదటి నుంచి. తండ్రి గడువు నియమం పట్టుకుని కోర్టుకు వెళ్దామన్నా ఆ హక్కు పుట్టేసరికే పుట్టినరోజు దాటిపోతుంది.

ఈ లెక్కలో తల్లి దరఖాస్తుకు కూడా అంతే విలువ ఉంది. ఇద్దరిలో ఎవరి ఓత్ ముందైతే అదే చాలు. "ముందు ఆయనది కానీ, తర్వాత నేను వేస్తాను" అనుకునే ఇళ్లలో ఈ రెండో అవకాశం చేజారుతుంది.

కోర్టుకు వెళ్లడం మీద రెండు అభిప్రాయాలు

కోర్టుకు ముందు మెట్లు కొన్ని ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఆరా తీయడం, ఫోన్ చేయడం, స్థానిక కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు ద్వారా అడిగించడం. కాంగ్రెస్ ఆఫీసు అడిగితే జవాబు వస్తుంది, పని ముందుకు కదులుతుందని చెప్పలేం. ఇమిగ్రేషన్ ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్ ఆఫీసు కూడా ఉంది కానీ 2025 మార్చిలో దాని సిబ్బందిని తొలగించే నిర్ణయం తర్వాత అది మునుపటి స్థితిలో లేదు.

కేసు వేయమనే లాయర్ల మాట ఇది. డిస్ట్రిక్ట్ కోర్టు ఫీజు 405 డాలర్లు, దాని మీద లాయర్ ఖర్చు. ప్రభుత్వం జవాబివ్వడానికి 60 రోజుల టైం ఉంటుంది. ఆ లోపే ప్రభుత్వ లాయర్ ఫైలు గురించి అడగడం, యూఎస్‌సీఐఎస్ నిర్ణయం ఇచ్చేయడం, కేసు ఉపసంహరించుకోవడం తరచుగా జరిగేదే. పైగా పశ్చిమ తీరం రాష్ట్రాలు చూసే తొమ్మిదో సర్క్యూట్ 2004లో చెప్పినట్టు, 1447(బి) కింద కేసు పడ్డాక నిర్ణయాధికారం కోర్టుదే. కోర్టు తిప్పి పంపేదాకా యూఎస్‌సీఐఎస్ తనంతట తాను తిరస్కరించలేదు.

వద్దనే వాళ్లకూ కారణం ఉంది. ఆగిన ఫైలు కదిలినంత మాత్రాన అనుకూలంగా కదులుతుందని లేదు. పాత గ్రీన్ కార్డులో నిజంగానే ఏదైనా లోపం ఉంటే, తొందరపెట్టడం వల్ల వచ్చేది తిరస్కరణే కావచ్చు. ప్రభుత్వం వైపు వాదన ఇంకోటి. కోర్టుకు వెళ్లే స్తోమత ఉన్నవాళ్ల ఫైళ్లే ముందుకొస్తే, వరుసలో మిగతావాళ్లు వెనక్కి పోతారు. ఆగిన పనిని చేయమని సంస్థను ఆదేశించాలని కోర్టును కోరే కేసును మాండమస్ అంటారు. ఇంటర్వ్యూ కాకముందే వేసే మాండమస్ కేసుల్లో జడ్జీలు ఈ మాట గట్టిగానే పట్టించుకుంటారు. ఆ కేసుల్లో నిర్ణీత గడువు ఉండదు, ఆలస్యం "సహేతుకం కాదు" అని చూపించాలి. 120 రోజుల కేసులో ఆ అవసరం లేదు, క్యాలెండర్ చూపిస్తే చాలు. నన్నడిగితే, ఫైల్లో దాచుకోవాల్సిందేమీ లేని మనిషికి 1447(బి) బలమైన సాధనం, మాండమస్ అంత నమ్మదగ్గది కాదు.

తిరస్కరణే వచ్చినా దారి మూసుకుపోదు. 30 రోజుల్లో ఎన్-336 వేసి మరో ఆఫీసర్ ముందు విచారణ కోరవచ్చు. అక్కడా ఓడితే డిస్ట్రిక్ట్ కోర్టు మొత్తం విషయాన్ని మొదటి నుంచి తానే చూస్తుంది.

ఓత్ రోజున ఇండియా వైపు జరిగేది

భారత పౌరసత్వ చట్టం, 1955లోని సెక్షన్ 9 ప్రకారం, ఇష్టపూర్వకంగా వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఆ క్షణం నుంచి భారత పౌరులు కారు. అమెరికా ఆమోదం వచ్చి ఓత్ కాని ఆ మధ్య వారాల్లో మాత్రం మనిషి పూర్తిగా భారతీయుడే. పాస్‌పోర్టు చెల్లుతుంది. ప్రవాస ఓటరుగా పేరుంటే ఊరికి వెళ్లి ఓటు కూడా వేయవచ్చు. అమెరికాలో ఓటరుగా నమోదు చేసుకోవడం మాత్రం ఓత్ ముందు చేస్తే దేశం నుంచి పంపించేసేంత తప్పు.

గుంటూరులో ఫిబ్రవరి రెండో వారంలో చెల్లెలి పెళ్లి, అన్నకు జనవరి 29కి ఓత్ నోటీసు వచ్చింది అనుకుందాం. వెళ్లి ఓత్ చేస్తే గ్రీన్ కార్డు అక్కడే తిరిగి ఇచ్చేయాలి. ఇండియా పాస్‌పోర్టు ఇక ప్రయాణానికి పనికిరాదు, సరెండర్ చేయాలి. అమెరికా పాస్‌పోర్టు కొత్తగా తీసుకోవాలి, దానితో పాటు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్లకు ఇండియా ఇచ్చేది) గానీ వీసా గానీ ఉండాలి. ఇవన్నీ రెండు వారాల్లో కావాలి. కారణం రాసి తేదీ మార్చమని నోటీసును వెనక్కి పంపితే, పాత పాస్‌పోర్టు, గ్రీన్ కార్డులతో నిశ్చింతగా పెళ్లి చూసుకుని రావచ్చు. కొత్త తేదీ ఎప్పుడొస్తుందో చెప్పరు, ఆ ప్రయాణాన్ని ఎన్-445లో రాయాలి. ఇంట్లో పదిహేడున్నరేళ్ల కొడుకు ఉంటే ఈ లెక్క మళ్లీ తిరగబడుతుంది. అడిగి మార్చుకోవడం వేరు, చెప్పకుండా ఎగ్గొట్టడం వేరు. సరైన కారణం లేకుండా రెండోసారి కూడా ఓత్‌కు రాకపోతే పౌరసత్వం వద్దనుకున్నట్టు భావించి ఫైలును తిరిగి తెరుస్తారు. అప్పుడు వచ్చే నోటీసుకు జవాబివ్వడానికి ఉండేది 15 రోజులు.